పరగడుపు లెక్క

(ఉస్మాన్‌గంజ్‌లో హమాలీల, గింజలు చెరిగే అక్కల నడుమ ఒక తెల్లవారుజామున చేసిన ప్రసంగ పాఠం)



లారీ తాళ్లు ఇప్పేలోపు మాటలు ముగిస్తానని మేస్త్రికి మాటిచ్చిన. అందుకే దండలు, శాలువలు వద్దన్న. ముందుగాల ఒక్క ప్రశ్న అడుగుత. లేచినకాడి నుంచి ఇప్పటిదాకా చాయ్ తాగనోళ్లు ఎవరన్నా ఉంటే చెయ్యి లేపున్రి.

(ఎవరూ లేపలేదు. నవ్వులు.)

చూసిన్రా? ఇంకా పూర్తిగ తెల్లారలే, మనందరి కడుపుల చక్కెర చాయ్ పడ్డది. అంటే ఇయ్యాల మనలో ఒక్కరికి సుత పరగడుపు షుగర్ పరీక్ష చెయ్యరాదు. మీది తప్పని అంటలేను. చాయ్ పడకుంటే మొదటి బస్తా లేవదని నాకు తెలుసు. నేను చెప్పదలుచుకున్న ముచ్చట సగం ఈ చాయ్ కాడనే ఉన్నది.

మా పెదనాయిన పాలమూరు పల్లె నుంచి వచ్చి ఇదే గంజ్‌లో ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు. పప్పు బస్తాలు, బెల్లం బుట్టలు, చక్కెర బస్తాలు. అప్పట్ల చక్కెర బస్తా అంటే నూరు కిలోలు, ఇప్పటి లెక్క యాభై కాదు. ఆయనకు రాత్రిపూట నాలుగైదుసార్లు ఒంటికి లేసుడు మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా నాలిక ఎండుడే. మనిషి పీక్కపోయిండు. అడిగితే “పనిచేసేటోడు సన్నగనే ఉంటడురా” అనేటోడు. కాలి బొటనవేలు కింద పుండు లేసింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలే. నొప్పి లేకపోవుడే అసలు రోగమని ఆయనకు చెప్పినోడు లేడు.

ఆఖరికి ఒక దవాఖానకు పోయిండు. “చాయ్ తాగినవా?” అన్నరు. “తాగిన సారూ.” “రేపు పరగడుపున రా పో.” ఆ రోజు కూలి పాయె. రెండో రోజు కడుపు మాడ్చుకొని పోయిండు. మూడు గంటలకు లేసిన మనిషి, కిటికీ తెరిచింది తొమ్మిది దాటినంక. లైన్ల ఆయన వంతు వచ్చేసరికి నెత్తురు తీసే టైమ్ అయిపోయిందన్నరు. రెండో కూలి పాయె. మూడో రోజు నెత్తురు తీసిన్రు, రిపోర్టుకు రేపు రమ్మన్నరు. నాలుగో రోజు ఆయన పోలేదు. మూడు రోజుల కూలి పోగొట్టుకున్న మనిషి నాలుగో రోజు గంజ్‌కు పోతడు గాని కాగితం కోసం పోతడా? ఏడాదిన్నర తర్వాత కాలు నల్లగైంది. మోకాలి కింద తీసేసిన్రు. రిపోర్టు ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెల్వదు.

ఆ దవాఖాన పేరు చెప్పను. అది ఒక్క దవాఖాన రోగం అయితే పేరు చెప్పేటోణ్ణి. నాకు బాధ ఎక్కడంటే, నేను తర్వాత నాలుగు పుస్తకాలు చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతి ఒకటున్నది. దాహం, ఊకె ఒంటికి పోవుడు, బరువు తగ్గుడు, ఈ లక్షణాలున్న మనిషికి ఏ వేళనైనా, చాయ్ తాగినా, బువ్వ తిన్నా, నెత్తురు తీస్తే షుగర్ 200 లేదా అంతకు పైన ఉంటే ఇక అనుమానం లేదు, అది షుగర్ బీమారే. అంటే ఆ మొదటి రోజే, ఆ చాయ్ కడుపుతోనే తేలిపోయేది. “రేపు పరగడుపున రా” అనే మాట ఆ మనిషికి అక్కరనే లేకుండె. అందుకే మిమ్ముల ఎవరన్నా ఆ మాట అని పంపిస్తే ఊకోకున్రి. “సారూ, నాకు ఈ లక్షణాలున్నయి, ఇప్పుడే ఒకసారి చూడున్రి, పరగడుపుది మల్ల చూద్దాం” అని అడగున్రి. అడిగితే కోపం చేస్తరేమో. చెయ్యనియ్యున్రి. కాలు మనది.

అట్లని పరగడుపు పరీక్ష ఉత్తదని కాదు. దాని విలువ దానికున్నది, అదే చెప్పొస్తున్న. లక్షణాలు ఏవీ లేనోనికి, లోపల రోగం మొదలైందా లేదా తెలిసేది ఎక్కువగా దాంతోనే. గోలీలు మింగేటోనికి రాత్రంతా ఒంట్ల షుగర్ అదుపుల ఉన్నదా లేదా చెప్పేది అదే.

పరగడుపు అంటే ఏంది? కనీసం ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఇంకేం కడుపుల పడకూడదు. నీళ్లు దండిగ తాగొచ్చు. చాయ్ వద్దు, పాలు వద్దు, తీపి పాన్, గుట్కా వద్దు. బీడీ సుత పరీక్ష అయిందాక ఆపితే మంచిది. రాత్రి తొమ్మిదింటికి తిన్నోడు పొద్దున ఐదింటికి పరీక్షకు తయారే. మనలో చానామంది రాత్రి లారీలు దించి పొద్దున పండేటోళ్లున్నరు. వాళ్లకు “పొద్దున” అనే మాటకు అర్థం లేదు. వాళ్లు పండుకొని లేసినంక, తిన్నకాడి నుంచి ఎనిమిది గంటలు దాటినంక చూసుకోవాలె. దవాఖాన గడియారం ఆఫీసు బాబు గడియారం. మన ఒంటికి మన గడియారం ఉన్నది. ఆ సంగతి డాక్టరుకు మనమే చెప్పాలె, “నేను రాత్రి డ్యూటీ” అని.

ఉపాసం ఉండుడు మన జాతికి ఎవరూ నేర్పనక్కరలేదు. కరువుల మన తాతలు ఉన్నది ఉపాసమే. కని ఆకలితో ఉండుడు వేరు, లెక్క పెట్టుకొని ఎనిమిది గంటలు ఆగి నెత్తురు చూసుకొనుడు వేరు. ఆకలి లెక్క ఎవడూ రాయలేదు. ఈ లెక్క మనం రాసుకోవాలె.

ఇప్పుడు అంకెలు. వంద మిల్లీలీటర్ల నెత్తురుల ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్నదనేది ఈ అంకె. పరగడుపున 100 లోపు ఉంటే బాగున్నట్టు. 100 నుంచి 125 నడుమ ఉంటే గడప మీద నిలబడ్డట్టు, లోపలికీ పోవచ్చు, ఎనుకకూ రావచ్చు. ఆ గడప 110 కాడ మొదలైతదని చెప్పే డాక్టర్లు సుత ఉన్నరు, దాంతోని కొట్లాట వద్దు. 126 గాని ఆ పైన గాని వస్తే, ఇంకో రోజు మల్ల చూసినా అంతే వస్తే, అది షుగర్ బీమారి. ఈ 126 సుత దేవుడు గీసిన గీత కాదు. 1997 దాకా 140 ఉండె. అంతకంటె తక్కువ కాడనే కండ్లకు దెబ్బ మొదలైతున్నదని తెలిసి అమెరికా డాక్టర్లు ఆ ఏడు గీతను కిందికి దించిన్రు, 1999ల ప్రపంచ ఆరోగ్య సంస్థ సుత ఒప్పుకున్నది. మందులు వాడేటోళ్లకైతే చానామందికి పరగడుపున 80 నుంచి 130 నడుమ ఉంటే అదుపుల ఉన్నట్టు. ముసలోళ్లకు, గుండె, కిడ్నీ జబ్బులున్నోళ్లకు డాక్టరు కొంచెం ఎక్కువకు ఒప్పుకుంటడు.

బస్తాల లెక్కల చెప్తే ఇంక మంచిగ తెలుస్తది. మనిషి ఒంట్ల ఐదు లీటర్ల నెత్తురు ఉన్నదనుకోన్రి. షుగర్ 100 ఉంటే ఆ నెత్తురంతటిలో ఉన్న చక్కెర ఐదు గ్రాములు. చాయ్ చంచాడు. 126 అంటే ఆరు గ్రాములకు కొంచెం పైన. తేడా గ్రామున్నర సుత లేదు. యాభై కిలోల చక్కెర బస్తా నెత్తిన ఎత్తుకొని మెట్లెక్కేటోని కండ్లు, కిడ్నీలు, కాళ్లు ఆ గ్రాము తేడాతోని ఏండ్లకేండ్లు తినిపోతయి. తక్కెట్ల అది కండ్లకు ఆనదు. అందుకే పరీక్ష.

“ఇది పైసలున్నోళ్ల రోగం, కూసొని తినేటోళ్ల రోగం, మనకెందుకొస్తది” అని ఇంకా అనుకుంటున్నం. ఈ మాట మనల్ని చంపుతున్నది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన సర్వే లెక్కలు 2023ల బయటికొచ్చినయి. దేశంల 10 కోట్ల పైన మందికి షుగర్ ఉన్నది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది గడప మీద ఉన్నరు. పది కోట్ల మంది శెట్లే ఉన్నరా ఈ దేశంల? చెమటోడ్చి పనిచేస్తే షుగర్ తగ్గుతదన్నది నిజమే, కని రాదనే హామీ లేదు. అమ్మకు నాయినకు ఉంటే వస్తది, నడుము చుట్టు పెరిగితే వస్తది, నిద్ర లేక వస్తది, రోజూ మూడు పూటలు ఒట్టి బువ్వ తిన్నా తోడైతది.

బువ్వ ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. మా నాయినమ్మ జొన్న రొట్టె, గటుక తిన్నది. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక మన పల్లెల బువ్వ పండుగ నుంచి రోజువారీ అయింది. దాన్ని తప్పు పట్టేటోళ్లను నేను నమ్మ. సర్కారు బువ్వతోని మన పిల్లలు బతికిన్రు. 2025 ఉగాది నుంచి తెలంగాణల సన్నబియ్యం ఇస్తున్నరు, సంతోషం. కని కార్డు మీద బియ్యం వచ్చినంత తేలికగ పప్పు రాదు, గుడ్డు రాదు, కూర రాదు. పళ్లెంల బువ్వ కుప్ప, పక్కన ఇంత పులుసు. “మీరు బువ్వ మానేసి జొన్నలు, రాగులు తినున్రి” అని ఏసీ గదిల కూసొని చెప్పుడు తేలిక. జొన్న రొట్టెలు నాలుగు తిన్నా షుగర్ పెరుగుతది, అదేం అమృతం కాదు. చేయగలిగింది చెప్త: రాత్రి బువ్వ పిడికెడు తగ్గించి, పప్పు, కూర, అవకాశం ఉంటే గుడ్డు, మాంసం పెంచున్రి. పండుకునే ముందట కాదు, రెండు గంటల ముందే తినున్రి. వారం తర్వాత పరగడుపు అంకె ఏమైందో చూసుకోన్రి. మీ పళ్లెం సంగతి మీకు చెప్పేది ఆ అంకె, నేను కాదు.

ఇంకొక అవమానం సంగతి. రాత్రి ఏమీ ఎక్కువ తినలేదు, పండుకునే ముందట షుగర్ 130 ఉండె, పొద్దున లేసి చూస్తే 170. దవాఖానల చెప్తే “అబద్ధాలాడకు, రాత్రి ఏందో తిన్నవ్, తాగినవ్” అంటరు. మనోళ్లు తల వంచుకొని వస్తరు. ఎందుకంటే మన మాట నమ్మకపోవుడు మనకు అలవాటే. ఇది వినున్రి: మనిషి నిద్రల ఉండగ, తెల్లవారుజామున మూడింటి నుంచి ఎనిమిదింటి నడుమ, ఒళ్లు మేలుకొలుపుకు తయారైతది. కొన్ని హార్మోన్లు పెరుగుతయి. కాలేయం దాచుకున్న చక్కెరను నెత్తురులకు వదులుతది. ఆరోగ్యంగ ఉన్నోని ఒంట్ల ఇన్సులిన్ దాన్ని పట్టుకుంటది. షుగర్ ఉన్నోని ఒంట్ల పట్టుకోలేకపోతది. డాక్టర్లు దీన్ని డాన్ ఫినామినన్ అంటరు, తెల్లవారు పెరుగుదల అనుకోన్రి. అంటే మీరు తినకున్నా పెరుగుతది. దొంగతనం మీది కాదు, మీ కాలేయం గోదాం తలుపు తెరిచింది. ఇట్ల రోజూ అయితే మందు మార్చాలె, లేదా మందు వేళ మార్చాలె. అది డాక్టరు పని. తిట్టుడు డాక్టరు పని కాదు.

మన దిక్కు సుత నిజాయితీ ఉండాలె. రాత్రి సారా గాని, బ్రాందీ గాని తాగి, బువ్వ తినకుండ పండుకున్నోనికి పొద్దున షుగర్ పెరుగుడు కాదు, పడిపోవచ్చు. మందు కాలేయం పనిని ఆపుతది. ఇన్సులిన్ తీసుకునేటోళ్లు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ గోలీలు మింగేటోళ్లు అట్ల పండుకుంటే లేవకపోవుడు సుత ఉన్నది. నేను నీతులు చెప్పొస్తలేను. తాగుడు మానితే మేలు. మానలేనోడు బువ్వ తినకుండ మాత్రం పండుకోవద్దు.

గోలీల ముచ్చట ఇంకొంచెం వినాలె, ఇది గంజ్‌లో పానాల మీది ముచ్చట. అన్ని గోలీలు ఒక్కటి కావు. మెట్‌ఫార్మిన్ అనేది అన్నం తోటి వేసుకునేది, అదొక్కటే వేసుకుంటే షుగర్ మరీ పడిపోవుడు అరుదు. ఇందాక చెప్పిన గ్లిమిపిరైడ్ లాంటివి ఒంట్ల నుంచి ఇన్సులిన్ పిండుతయి. పొద్దున నాలుగింటికి ఆ గోలీ మింగి, టిఫిన్ పదింటికి తిందామని బస్తాలు ఎత్తితే ఏమైతది? బస్తా ఒక దిక్కు చక్కెర తాగుతది, గోలీ ఇంకో దిక్కు తాగుతది. చల్ల చెమటలు, చేతులు వణుకుడు, గుండె దడ, కండ్లు తిరుగుడు, మాట తడబడుడు. నెత్తిన యాభై కిలోలు. చూసినోళ్లు “పొద్దుగాలనే తాగొచ్చిండు” అంటరు. ఎంతమందిని అట్ల అని పక్కకు నెట్టేసిన్రో! ఇట్ల ఎవరన్నా అయితే ముందు కూసొబెట్టున్రి. మూడు నాలుగు చంచాల చక్కెర గాని గ్లూకోజ్ గాని నీళ్లల్ల కలిపి తాగించున్రి. పావుగంట తర్వాత తేరుకోకుంటే మల్ల అంతే. తేరుకున్నంక ఏదన్నా తినిపించున్రి. తెలివి తప్పినోని నోట్ల మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరికి అడ్డం పడ్తది, దవాఖానకు ఉరకాలె. మీటర్ ఉంటే చూడున్రి, 70 కింద ఉంటే అది ప్రమాదం. మీటర్ లేకుంటే ఆగొద్దు, ముందు చక్కెర ఇయ్యున్రి. చక్కెర గోదాంల ముందట కూసొని చక్కెర అందక మనిషి పడిపోతే అది మన అందరి సిగ్గు.

మీటర్ అంటే గుర్తుకొచ్చింది. మన సంఘం పిల్లలు కొందరు ఇప్పుడు చిన్న మిషన్లు కొనుక్కున్నరు. మంచిదే. ఒక హమాలీ తమ్ముడు పొద్దున ఇక్కడే చూసుకుంటే 310 వచ్చింది. గుండె జారిపోయింది. అడిగితే అంతకుముందే బెల్లం దించిండు. సబ్బుతోని చేతులు కడిగి, తుడిచి మల్ల చూస్తే 142. వేలి మీద బెల్లం నెత్తురుల కలిసింది! మన చేతులకు అంటిన షావుకారు సరుకు మన రోగంగ కనపడ్డది. కాబట్టి ముందు చేతులు కడగాలె, ఆరబెట్టాలె. మన వేలి కొనలు కాయలు కాచినయి, సూది దిగదు. వేలి పక్కన, ఉంగరం వేలికైతే ఇంక మంచిది, గుచ్చుకోన్రి. స్ట్రిప్పుల డబ్బ మూత తెరిచి పెట్టొద్దు, తారీఖు దాటినయి వాడొద్దు. ఒకరి సూది ఇంకొకరికి ఎన్నడూ వద్దు, కామెర్ల రోగం, ఎయిడ్స్ అట్లనే అంటుతయి. ఇంకోటి, ఈ చిన్న మిషన్ నూటికి పదిహేను దాకా అటూ ఇటూ చెప్పొచ్చు. మొన్న 128, ఇయ్యాల 119 అంటే తగ్గినట్టు కాదు, పెరిగినట్టు కాదు. రోగం ఉన్నదా లేదా తేల్చేది ల్యాబులనే.

రోజూ గుచ్చుకోవాల్నా అని అడుగుతరు. ఒక్కో స్ట్రిప్పుకు పదో ఇరవయ్యో అయితది. ఇన్సులిన్ తీసుకునేటోళ్లకు తరచుగ చూసుకునుడు తప్పదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకొని కుదురుగ ఉన్నోళ్లు రోజూ గుచ్చుకొని పైసలు తగలెయ్యనక్కరలేదు, వారానికి ఒకటి రెండు పొద్దులు చాలు. మందు మార్చినప్పుడు, జ్వరమొచ్చినప్పుడు ఎక్కువ చూసుకోవాలె. కంపెనీకి మన వేలు ఎంత ఎక్కువ గుచ్చుకుంటే అంత లాభం, అది సుత యాది పెట్టుకోన్రి. కని చూసిన ప్రతిసారి రాయున్రి. తారీఖు, అంకె, రాత్రి ఏం తిన్నరు, ఏ గోలీ. చదువు రానోళ్లు ఇంట్ల బిడ్డతోని రాయించుకోన్రి.

ఈ అంకె మన చేతికి రావటానికి ఎన్ని ఏండ్లు పట్టిందో తెలుసా? మధుమేహం అన్న పేరు పెట్టిన పాత వైద్యులకు మూత్రం తియ్యదనం, దానికి చీమలు పట్టుడు తెలుసు. మన ముసలోళ్లు సుత “ఒంటికి పోయినకాడ చీమలు పట్టినయి” అని చెప్పుకునేటోళ్లు. నిన్నమొన్నటి దాకా దవాఖానల్ల నీలం మందుల ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాగబెట్టి రంగు చూసేటోళ్లు; నీలంగ ఉంటే లేదు, ఆకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు అయితే ఉన్నది. కని నెత్తురుల 180 దాటితే గాని చక్కెర మూత్రంలకు రాదు. 130, 160 ఉన్నోళ్లందరినీ ఆ రంగు “నీకేం లేదు పో” అని పంపింది. నెత్తురు చుక్కతోని చూసే స్ట్రిప్పు 1965ల, దాన్ని చదివే మిషన్ 1970ల వచ్చినయి. ఆ మిషన్ సుత డాక్టర్ల కోసమే తయారైంది, రోగి చేతికి ఇయ్యటానికి కాదు.

బాబాసాహెబ్‌కు ఈ రోగం ఉండె. మనం ఆయన విగ్రహానికి దండ వేస్తం, కోటు, పుస్తకం, చూపుడు వేలు చూస్తం. ఆ కోటు లోపల షుగర్‌తోని, కాళ్ల నొప్పులతోని, తగ్గిపోతున్న కంటిచూపుతోని కొట్లాడిన ఒళ్లు ఉన్నదని చూడం. రాజ్యాంగం రాసే రోజుల్ల రోగం ముదిరింది. బొంబాయిల వైద్యం చేయించుకునేటప్పుడు పరిచయమైన డాక్టర్ శారదా కబీర్‌ను 1948 ఏప్రిల్ 15న పెండ్లి చేసుకున్నడు. ఆమెనే తర్వాత సవితా అంబేద్కర్. ఆయన తిండి, ఇన్సులిన్ అన్నీ ఆమె చూసుకున్నది. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇదే హైదరాబాద్‌ల ఆయనకు డాక్టరేట్ ఇచ్చిన నాటికి ఆ రోగం ఒంట్ల పాతుకున్నది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల లక్షల మందితోని బౌద్ధం తీసుకున్నడు, డిసెంబర్ 6న పోయిండు. అరవై ఐదేండ్లు. ఇంట్ల కూసొని పొద్దున నెత్తురు చుక్కతోని చూసుకునే మిషన్ ఆయనకు అందలే, అప్పటికి పుట్టలే. ఇయ్యాల మనకు పుట్టింది. మూడు వేల అడుగుల దూరంల మందుల దుకాణంల ఉన్నది. అయినా మా పెదనాయిన కాలు పాయె.

(ఇక్కడ గింజలు చెరిగే ఒక అక్క లేచి అడిగింది: “సారూ, మాకు మూడు నెలల పరీక్ష అని చేసిన్రు, దానికి పరగడుపు వద్దన్నరు. మరి ఇదెందుకు?”)

మంచి ప్రశ్న అక్కా. హెచ్‌బీఏ1సీ అంటరు దాన్ని. రెండు మూడు నెలల సగటు చెప్తది, చాయ్ తాగినా చెయ్యొచ్చు. 6.5 గాని ఆ పైన గాని ఉంటే షుగర్ అని లెక్క. మనలాంటోళ్లకు కూలి పోకుండ చేసే పరీక్ష అది, అడిగి చేయించుకోవాలె. కని ఒక మెలిక ఉన్నది. నెత్తురు తక్కువున్నోళ్లల్ల ఆ అంకె తప్పు చెప్పొచ్చు. ఐరన్ తక్కువైతే లేని షుగర్ ఉన్నట్టు చూపెడ్తది, కొన్ని నెత్తురు జబ్బుల్ల ఉన్నదాన్ని తక్కువ చేసి చూపెడ్తది. మన ఆడోళ్లల్ల నెత్తురు ఉన్నోళ్లు ఎందరు చెప్పు? అందుకే నీకు ఆ పరీక్షతోపాటు పరగడుపుది, తిన్నంక రెండు గంటలకు చూసేది సుత కావాలె. పరగడుపున 110 ఉండి తిన్నంక 240 అయ్యేటోళ్లు ఉన్నరు. ఒక్క అంకెతోని మనిషిని తూకం వెయ్యరాదు. ఇంకా ఒకటి, కడుపుతోని ఉన్న ఆడబిడ్డలకు గీతలు వేరే ఉంటయి, తక్కువ కాడనే మందు మొదలు పెడ్తరు. కోడలు, బిడ్డ కడుపుతోని ఉంటే 126 రాలేదు కదా అని ఇంట్ల కూసొబెట్టుకోవద్దు.

ఇంక మనం ఏం అడగాలె? 2018 నుంచి నగరంల బస్తీ దవాఖానలు వచ్చినయి. అక్కడ షుగర్ పరీక్ష, గోలీలు పైసలు లేకుండ ఇయ్యాలె. అవి మనకు అక్కరకొచ్చేటివే, నేను కాదనను. కని అవి తెరిచే వేళకు మన ఒంట్లె రెండు చాయ్‌లు, ఇరవై బస్తాలు అయిపోయి ఉంటయి. వాళ్లు తెరిచినప్పుడు మనకు పరగడుపు లేదు, మనకు పరగడుపు ఉన్నప్పుడు వాళ్లు తెరవరు. గంజ్‌కు పన్ను వసూలు చేసేటోళ్లు వేళ చూసి వస్తరు. నెత్తురు తీసేటోళ్లు ఎందుకు రారు? నెలకు ఒక్కసారి, లారీ తాళ్లు ఇప్పక ముందట, గంజ్‌లో పరగడుపు పరీక్ష పెట్టాలె. రిపోర్టు గంజ్‌కే రావాలె. పరీక్షకు పోయిన రోజు కూలి కోత వద్దని షావుకార్లతోని రాయించుకోవాలె. కాళ్లు చూసేటోళ్లు సుత రావాలె. ఉత్త కాళ్లతోని నడిచేటోనికి, ఇనుప కొక్కెం గీరుకున్నోనికి నొప్పి తెలుస్తలేదంటే అది ఆ రోజే పట్టుకోవాలె. అర్జీ రాసి తెచ్చిన. వేలిముద్ర వేసేటోళ్లు వెయ్యున్రి, సంతకం పెట్టేటోళ్లు పెట్టున్రి. పైకి పోయే కాగితం ఒకటి, మన దగ్గర ఉండే నకలు ఒకటి. మా పెదనాయిన రిపోర్టు లెక్క ఇది మాయం కావద్దు.

అర్జీకి జవాబు వచ్చేదాక కూసుందామా? వద్దు. వచ్చే ఆదివారం పొద్దున నాలుగున్నరకు ఇదే జాగల మన పిల్లలు రెండు మిషన్లతోని కూసుంటరు. శనివారం రాత్రి ఎనిమిదిన్నర లోపు తినున్రి. తర్వాత నీళ్లు తప్ప ఏం వద్దు. గోలీలు వేసుకునేటోళ్లు పొద్దుటి గోలీ పరీక్ష అయి తిన్నంకనే వేసుకోన్రి. ఇన్సులిన్ తీసుకునేటోళ్లు ముందే నాతోని మాట్లాడున్రి, మీ డాక్టరును అడిగి చెప్త. చేతులు కడుగటానికి బకెట్, సబ్బు మేం తెస్తం. 126 పైన వచ్చినోళ్ల పేర్లు రాసుకొని, సోమవారం ఒక్క గుంపుగ ల్యాబుకు పోదాం. గుంపుగ పోతే “రేపు రా” అనుడు కష్టం.

సుబ్బరంగ చేతులు కడుక్కొని రాన్రి, బెల్లం చేతులతోని కాదు. పరీక్ష అయినోళ్లందరికీ చాయ్ సంఘం పైసలతోనే. చక్కెర వద్దన్నోళ్లకు చక్కెర లేకుండ, అడిగినోళ్లకు సగం చంచ.

అగో, మేస్త్రి చెయ్యి ఊపుతున్నడు. జై భీమ్.